కోహాలో ఎక్కించిన తెలుగు పుస్తకాలు వెతికితే దొరకడం లేదు, పక్క ఊరి లైబ్రరీలతో కలపాలి, సలహా కావాలి

కాలవగట్టు | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. కృష్ణా డెల్టాలో ఒక ట్రస్టు గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. పుస్తకాలు పదకొండు వేల పైచిలుకు. నూటికి తొంభై తెలుగే. పాతికేళ్ల కిందట అప్పటి లైబ్రేరియన్ గారు ఒక్కచేత్తో అన్నీ విన్‌ఐసిస్ అనే పాత కేటలాగు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించారు, అను ఫాంట్లలో. ఆ కంప్యూటరు ఇక లేవనని మొరాయిస్తుంటే, ఈ వేసవిలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చి కోహా అనే ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వేసి, పాత డేటాని యూనికోడ్‌లోకి, అక్కణ్ణుంచి మార్క్ అనే లైబ్రరీ రికార్డుల ఫార్మాట్‌లోకి మార్చి ఎక్కించాడు. పాపం, పైసా తీసుకోలేదు.

ఎక్కింది గానీ సుఖం లేదు. కొన్ని పుస్తకాల పేర్లు సగంలో తెగిపోయి, వెనకాల నల్ల డైమండులో ప్రశ్నార్థకాలు కనబడుతున్నాయి. పేరు నిండుగా ఉన్నవి కూడా వెతుకుడు పెట్టెలో కొడితే కొన్నే వస్తున్నాయి, ఎదురుగా కనిపిస్తున్న పుస్తకం కూడా 'దొరకలేదు' అంటోంది. పైగా భాష దగ్గర అన్నీ ఇంగ్లిష్ అని చూపిస్తోంది.

అసలు మా కోరిక వేరే. చుట్టుపక్కల ఇంకో మూడు గ్రంథాలయాలున్నాయి. ఒకరు సోల్ సాఫ్ట్‌వేర్ వాడతారు, ఒకరు ఈ-గ్రంథాలయ, మూడోవారికి ఎక్సెల్ షీటే దిక్కు. నలుగురి పుస్తకాలూ ఒకే చోట వెతికేలా చేద్దామని అనుకున్నాం. అందుకు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, అసలు కొనాలా?

---

పెర్ల్‌పురుగు | సోమవారం, రాత్రి 10.15

మేడమ్, కొనక్కర్లేదు. ముందు జబ్బులు చూద్దాం.

పేర్లు తెగిపోయిన రికార్డులున్న ఫైలు, డాట్ ఎంఆర్‌సీ (మార్క్) ఫైలేనా? ఆ కుర్రాడు మార్క్ రాయడానికి సొంతంగా స్క్రిప్టు రాశాడా, లేక పైమార్క్ లాంటి రెడీమేడ్ పైథాన్ కోడ్ వాడాడా? ఎక్కించేటప్పుడు తెర మీద హెచ్చరికలు వచ్చి ఉండాలి.

---

కాలవగట్టు | సోమవారం, రాత్రి 10.31

సొంతంగా రాశాడు, సి భాష నుంచి ఏదో మార్చుకున్నానన్నాడు. హెచ్చరికలు వచ్చాయి, వేలల్లో. "అవి అలాగే వస్తాయి ఆంటీ" అన్నాడు.

---

పెర్ల్‌పురుగు | సోమవారం, రాత్రి 11.20

హహ. అర్థమైంది. ఇది నేను ఇప్పటికి నాలుగైదు చోట్ల చూశాను, కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను, తర్వాత వచ్చేవాళ్లకి కూడా పనికొస్తుంది.

మార్క్ ఫార్మాట్ 1960ల నాటిది. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో హెన్రియట్ అవ్రమ్ అనే ప్రోగ్రామర్ నడిపించిన పని. అప్పుడు డేటా ఉండేది అయస్కాంత టేపుల మీద. టేపు మీద ముందుకీ వెనక్కీ గెంతలేం కాబట్టి, ప్రతి రికార్డు మొదట్లోనే ఒక పట్టిక పెడతారు: ఫలానా ఫీల్డు ఇంత పొడవు, ఇక్కడ మొదలవుతుంది అని. దాన్నే డైరెక్టరీ అంటారు. ఐఎస్ఓ 2709 అంటే ఈ చుట్టబెట్టే పద్ధతే.

ఇప్పుడు 'ఊరి చెరువు' అని ఒక పుస్తకం ఉందనుకోండి. కంటికి ఐదు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఊ, ర, గుడి, చ, ఎత్వం, ర, కొమ్ము, వ, కొమ్ము: తొమ్మిది, మధ్యలో ఖాళీతో పది. కానీ యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. అంటే 27, ఖాళీకి ఒకటి, మొత్తం 28. దీనికి మార్క్ వాడే రెండు ఇండికేటర్లు, సబ్‌ఫీల్డు గుర్తుకి రెండు, చివర ఫీల్డు ముగింపు గుర్తు ఒకటి కలిపితే 33. డైరెక్టరీలో 245 (పుస్తకం పేరు ఫీల్డు) ఎదురుగా 0033 అని ఉండాలి.

మీ కుర్రాడి స్క్రిప్టు బైట్లు కాకుండా సంకేతాలు లెక్కపెట్టి 0015 అని రాసి ఉంటుంది. చదివే ప్రోగ్రామ్ ఆ మాట నమ్మి పదిహేను బైట్లే తీసుకుంటుంది. అందులో మీ పుస్తకం పేరు 'ఊరి' దగ్గర ఆగిపోతుంది. తర్వాతి ఫీల్డు 'చ' అక్షరం నడుమ నుంచి మొదలవుతుంది. సగం అక్షరాన్ని ఎవరూ చదవలేరు, అందుకే ఆ నల్ల డైమండు. ఇంగ్లిష్ పుస్తకాలకి ఈ జబ్బు రాదు, అక్కడ అక్షరానికి బైటు ఒకటే.

మందు: ఆ ఎంఆర్‌సీ ఫైలుని బాగుచేసే పని పెట్టుకోకండి. విన్‌ఐసిస్ నుంచి తీసిన అసలు ఫైలు ఉంటే, దాన్నుంచి పైమార్క్‌తో మార్క్‌ఎక్స్‌ఎంఎల్‌గా (అదే మార్క్, ఎక్స్‌ఎంఎల్ రూపంలో) తీయించండి. ఎక్స్‌ఎంఎల్‌లో పొడవుల లెక్కే లేదు. ఇంకోటి, రికార్డు మొదట్లో ఉండే లీడరులో 09వ స్థానం చూడండి. అక్కడ చిన్న ఎ ఉంటే యూనికోడ్ అని అర్థం. ఖాళీగా ఉంటే పాత మార్క్-8 అక్షర సంకేతాలు అనుకుని కోహా మళ్లీ మార్చబోతుంది, అదింకో గందరగోళం. మార్క్-8లో అరబిక్, హీబ్రూ, సిరిలిక్, చైనా జపాన్ లిపులు ఉన్నాయి గానీ తెలుగు లేదు.

---

కాలవగట్టు | మంగళవారం, ఉదయం 7.05

లీడరులో 09 దగ్గర ఖాళీ ఉంది. పొడవులు కూడా మీరన్నట్టే. మా అబ్బాయికి మీ పోస్టు పంపాను. "ఓహ్" అని ఒక్కమాట రాసి, రాత్రికి రాత్రే మళ్లీ మొదలుపెట్టాడు.

---

రెండోబీరువా | మంగళవారం, ఉదయం 8.50

ముప్పయ్యేళ్లు లైబ్రేరియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. హనుమకొండ. ఈ చర్చ చూస్తే పాత రోజులు గుర్తొచ్చాయి.

విన్‌ఐసిస్‌ని తీసిపారేయకండి అమ్మా. యునెస్కో వాళ్లు ఊరికే ఇచ్చారు దాన్ని. డబ్బులేని లైబ్రరీలకి అదే పెద్ద దిక్కు. మేం ఫ్లాపీల్లో తెచ్చుకుని వాడాం. ఆ రోజుల్లో ఒక్కొక్కరూ ఫీల్డులు తమకు తోచినట్టు పెట్టుకునేవాళ్లు, చిక్కంతా అక్కడే మొదలైంది. నా 24 అంటే పేరు, పక్క కాలేజీ వాళ్ల 24 అంటే ధర. సాఫ్ట్‌వేర్ ఒకటే, డేటా మాత్రం ఎవరిది వాళ్లదే.

కోహా సంగతి కూడా చెబుతాను. న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ ట్రస్టు, కటిపో అనే కంపెనీ చేత 1999లో రాయించుకుంది. వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌కి 2000 సంవత్సరం గండం ఉంది. కొత్తది కొందామంటే స్తోమత లేదు. 2000 జనవరిలో కోహా మొదలుపెట్టి, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద అందరికీ వదిలేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఊరికే పడేసే కానుక కాదు, పుచ్చుకున్నవాడు ఎప్పుడో తిరిగి ఏదో ఇస్తాడనే కానుక. మన పెళ్లి చదివింపుల్లాగా!

మన దగ్గరా అలాంటి పని జరిగింది, ఈ తరానికి తెలియదు. న్యూజెన్‌లిబ్ అని హైదరాబాద్‌లోనే తయారైంది. వెరస్ సొల్యూషన్స్, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేశారు, 2008 జనవరిలో జీపీఎల్ కింద బయటపెట్టారు.

---

చింతచెట్టు | మంగళవారం, ఉదయం 9.12

మాస్టారూ, చదివింపుల పోలిక బాగుంది. ఎవరెంత చదివించారో రాసుకునే పుస్తకమే మన మొదటి ఓపెన్ డేటా.

---

సున్నా_అరసున్నా | మంగళవారం, మధ్యాహ్నం 1.30

వెతికితే దొరకకపోవడం గురించి నేను రాస్తాను. నా బతుకంతా ఫాంట్ల మార్పిడితోనే గడిచింది.

అను లాంటి పాత ఫాంట్లలో డేటాలో తెలుగు అనేదే ఉండదు. కంప్యూటరు దృష్టిలో అవన్నీ ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే, ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మలు గీస్తుంది. తలకట్టు ఒక బొమ్మ, వత్తు ఒక బొమ్మ. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామ్ ఆ బొమ్మల్ని చూసి అక్షరం ఊహించాలి. కాబట్టి తప్పులు పోతాయి, అవి కూడా ఒకే రకంగా పోతాయి. మీ డేటాలో ఒక వంద పేర్లు ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో దిద్దండి. ఏ వత్తు ఎక్కడ జారిందో పది నిమిషాల్లో తేలిపోతుంది. తర్వాత మొత్తానికి ఒకేసారి మార్చొచ్చు. అదే పాత డేటా జిస్ట్ కార్డు మీద ఇస్కీ అనే భారతీయ లిపుల సంకేతాల్లో ఉండి ఉంటే ఇంత బాధ లేదు. యూనికోడ్‌లో మన లిపుల అమరికకి మూలం ఇస్కీయే.

కంటికి కనబడని తేడాలు రెండున్నాయి.

ఒకటి ఐత్వం. 'పైరు' అనే మాటలో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయొచ్చు, లేదా ఎత్వం ఒకటి, కింద ఉండే ఐత్వపు గుర్తు ఇంకొకటి, రెండుగా కూడా రాయొచ్చు. రెండూ చెల్లుతాయి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మార్పిడి ప్రోగ్రామ్ రెండుగా రాసి, మీరు కీబోర్డు మీద ఒకటిగా కొడితే, పోల్చి చూసే యంత్రానికి అవి వేర్వేరు మాటలు. ఎక్కించే ముందే అన్నిటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే యూనికోడ్ రూపంలోకి తేవాలి. పైథాన్‌లో ఒక్క వరస పని.

రెండోది ఆ కనబడని గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్. 'కాలేజ్‌లో' అని రాసేటప్పుడు జ కింద ల వత్తు పడకుండా మనం మధ్యలో పెట్టేది. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. ఫోన్ కీబోర్డులు కొన్ని తమంతట తామే పెడతాయి. కేటలాగులో ఉండి, వెతికేవాడు కొట్టినదాంట్లో లేకపోతే, ఇక ఆ పుస్తకం అటక మీదే.

'పుస్తకము, పుస్తకం' లాంటివి ఇక్కడ కలపడం లేదు. అది లిపి తగువు కాదు, భాష తగువు.

---

పెర్ల్‌పురుగు | మంగళవారం, సాయంత్రం 6.02

పైన అరసున్నా గారు చెప్పినవి డేటా వైపు. కోహా వైపు ఇంకొకటుంది, చాలామంది దగ్గర ఆగిపోయేది అక్కడే.

కోహాలో వెతికే పని చేసేది జెబ్రా. అది మాటల్ని ఎలా విడగొట్టాలో, ఏ అక్షరాలు లెక్కలోకి తీసుకోవాలో ఒక పట్టికలో చూసుకుంటుంది. మామూలుగా వచ్చే పట్టిక యూరప్ భాషలకి అనుకూలంగా ఉంటుంది. తెలుగుకి, యూనికోడ్ లిపులన్నీ తెలిసిన ఐసీయూ పద్ధతి పెట్టాలి. జెబ్రా సెట్టింగుల్లో డిఫాల్ట్ డాట్ ఐడీఎక్స్ అనే ఫైలు తెరిచి, చార్‌మ్యాప్ అని ఉన్న వరసలు తీసి ఐసీయూచైన్ వరసలు పెట్టండి. పక్కనే ఉండే ఐసీయూ ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఆ కనబడని జాయినర్‌ని తీసేసే నియమం కూడా ఒకటి చేర్చొచ్చు. అప్పుడు వెతికేవాడు పెట్టినా పెట్టకపోయినా ఒకటే. తర్వాత మొత్తం రీఇండెక్స్ చెయ్యాలి. ఇది మర్చిపోయి "మార్చాం గానీ తేడా లేదు" అని ఫోన్ చేసేవాళ్లు నాకు నెలకొకరు.

భాష ఇంగ్లిష్ అని రావడం చాలా చిన్న విషయం. 008 ఫీల్డులో 35 నుంచి 37 స్థానాల్లో మూడక్షరాల భాష కోడు ఉంటుంది. తెలుగుకి టి, ఇ, ఎల్. కోహాలో మీరేమీ పెట్టకపోతే అది ఇంగ్లిష్ కోడు వేసేస్తుంది. సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో 008కి డిఫాల్ట్ భాష మార్చండి, పాతవాటిని ఒకేసారి దిద్దండి. నలుగురితో పంచుకునే రోజున 'తెలుగు పుస్తకాలు చూపించు' అంటే చూసేది ఆ మూడక్షరాలనే.

---

త్రిపుల్ | మంగళవారం, రాత్రి 8.44

అందరికీ ఒక మాట. టేపుల కాలం నాటి ఫార్మాట్‌కి ఇంకా మందులు రాస్తూ కూర్చుందామా? అమెరికాలో లైబ్రరీ వాళ్లే ఇరవయ్యేళ్ల కిందట మార్క్‌కి చెల్లుచీటీ రాయాలన్నారు. కాంగ్రెస్ లైబ్రరీ దాని స్థానంలోకి బిబ్‌ఫ్రేమ్ తెచ్చింది. లింక్డ్ డేటా నేర్చుకోండి. రచయిత పేరు అక్షరాల గుంపుగా ఎందుకు? వికీడేటాలో ఒక ఐటమ్‌కి లింకు ఇస్తే సరి. శ్రీశ్రీ అన్నా, శ్రీరంగం శ్రీనివాసరావు అన్నా ఒక్కరే అని యంత్రానికి తెలుస్తుంది. వికీడేటా మొత్తం సీసీ జీరో, అనుమతి అడిగే పని కూడా లేదు.

---

రెండోబీరువా | మంగళవారం, రాత్రి 9.10

బాబూ, ఇంట్లో కుళాయి కారుతోందని ఆవిడ అడుగుతుంటే నువ్వు రిజర్వాయర్ ప్లాను గీస్తున్నావు.

---

త్రిపుల్ | మంగళవారం, రాత్రి 9.16

ఆ రిజర్వాయర్ ముందే కట్టి ఉంటే కుళాయి కారేది కాదు కదా సార్ 🙂

---

మంచుఊరు | బుధవారం, ఉదయం 6.25

అమెరికా నుంచి. ఇక్కడ ఒక యూనివర్సిటీ లైబ్రరీలో దక్షిణాసియా పుస్తకాల కేటలాగింగ్ నా పని. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది గానీ, త్రిపుల్ గారు చెప్పినదాంట్లో ఒక ముక్క ఇప్పుడే పనికొస్తుంది. అదీ రచయిత పేర్ల సంగతి.

కాలవగట్టు గారూ, మీ డేటాలో 100వ ఫీల్డు ఒకసారి చూడండి. మార్పిడి స్క్రిప్టులు చాలావరకు 'చివరి మాటే ఇంటిపేరు' అనుకుని తిప్పేస్తాయి. మనకి ఇంటిపేరు ముందుంటుంది. అలా తిప్పితే శ్రీరంగం శ్రీనివాసరావు గారు ఏదో ఒక కేటలాగులో 'రావు, శ్రీరంగం శ్రీనివాస' అవుతారు. అప్పుడు రావు అనే మాట కింద సగం తెలుగు సాహిత్యం వచ్చి కూర్చుంటుంది. నాలుగు లైబ్రరీలు కలిపేముందు నాలుగు చోట్లా ఒకే పద్ధతి పెట్టుకోండి. ఏది పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఒకటి పెట్టుకోండి. చలం అన్నవాడికీ గుడిపాటి వెంకటాచలం అన్నవాడికీ ఒకే అల్మారా చూపించడం అథారిటీ రికార్డు పని, కోహాలో ఆ ఏర్పాటు ఉంది. పేరుపొందిన రచయితలకి వయాఫ్ అనే అంతర్జాతీయ రచయితల జాబితాలో, వికీడేటాలో నంబర్లు ఉంటాయి, అవి అథారిటీ రికార్డులో రాసి పెట్టుకోండి. రేపు బిబ్‌ఫ్రేమ్ వచ్చినా ఇంకోటి వచ్చినా ఆ నంబర్లు పనికొస్తాయి.

మా వైపు సంగతి కూడా కొంచెం. కాంగ్రెస్ లైబ్రరీకి ఢిల్లీలో 1962 నుంచి ఆఫీసు ఉంది. పీఎల్-480 అనే అమెరికా ధాన్యసాయం పథకం రోజుల్లో మన పుస్తకాలు ఓడలెక్కి ఇక్కడి యూనివర్సిటీలకి వచ్చాయి. మీ ఊళ్లో ఇప్పుడు దొరకని తెలుగు పుస్తకం ఇక్కడి గోడౌన్‌లో దుమ్ము కూడా పట్టకుండా ఉండొచ్చు. వాటి రికార్డులు జడ్39.50 అనే లైబ్రరీల మధ్య వెతికే పద్ధతి ద్వారా కోహాలోంచే వెతికి దించుకోవచ్చు, 210వ పోర్టు, కాంగ్రెస్ లైబ్రరీ సర్వరు డబ్బు అడగదు. జడ్39.50 పాతది, వెబ్ కంటే ముందుది. అదే పనిని మామూలు వెబ్ అడ్రసుతో చేసేది ఎస్‌ఆర్‌యూ.

అయితే ఒక చిక్కు. ఆ రికార్డుల్లో చాలావాటికి పేరు తెలుగు లిపిలో ఉండదు. గీతలూ చుక్కలూ పెట్టిన రోమన్ లిపిలో ఉంటుంది. ఉన్నచోట 245లో రోమన్, 880లో తెలుగు ఉండి, సబ్‌ఫీల్డు 6తో ఒకదానికొకటి ముడివేసి ఉంటాయి. తెలుగు 880లో ఉందని తెలియక 'ఇదేదో చెత్త ఫీల్డు' అని తీసేసిన లైబ్రరీని నేనెరుగుదును.

---

సున్నా_అరసున్నా | బుధవారం, ఉదయం 9.40

ఆ రోమన్‌ని తిరిగి తెలుగులోకి తేవడం మరీ కష్టమేం కాదు. ఆ పద్ధతిలో ఎ-ఏ తేడా, ఒ-ఓ తేడా, త-ట తేడా అన్నీ నిలుస్తాయి. సున్నా ఒక్కటే వేరే వేషం వేసుకుంటుంది, పక్కనున్న హల్లుని బట్టి న గానో మ గానో మారిపోతుంది. దానికీ సూత్రం పెట్టొచ్చు: తన వర్గం హల్లు ముందుంటే సున్నా, తనే రెండుసార్లు వస్తే వత్తు. యంత్రం బోర్లాపడేది పేరులో ఇంగ్లిష్ మాట వచ్చినప్పుడు. అవి చేత్తో దిద్దుకోవాల్సిందే.

---

చింతచెట్టు | బుధవారం, మధ్యాహ్నం 12.20

నేనూ చిన్న ప్రచురణకర్తనే, కాబట్టి తప్పు మా వైపు కూడా ఉందని ఒప్పుకుంటున్నాను. జడ్39.50లో ఐఎస్‌బీఎన్ కొట్టి దించుకోవచ్చని అందరూ అంటారు. తెలుగు పుస్తకాల్లో సగానికి ఐఎస్‌బీఎన్ ఏది? పాతవాటికి ఎలాగూ లేదు. ఇప్పటివాళ్లం కూడా 'కథల పుస్తకానికి నంబరెందుకు' అనుకుంటాం. ఒకటే నంబరుని రెండు పుస్తకాల మీద వేసిన మహానుభావులున్నారు. పేర్లు అడక్కండి, మొదటివాణ్ణి నేనే.

---

కాలవగట్టు | శుక్రవారం, రాత్రి 9.55

శుభవార్త. మళ్లీ ఎక్కించాం. తెగిపోయిన పేర్లు లేవు. ఐసీయూ పెట్టి రీఇండెక్స్ చేశాక వెతికితే దొరుకుతున్నాయి. ఐత్వం జబ్బు మా దాంట్లో నిజంగానే ఉంది, 'పైరు' కొడితే సున్నా ఫలితాలు, సరిచేశాక పద్నాలుగు. నేను చిన్నపిల్లలా మూడుసార్లు కొట్టి చూసుకున్నాను.

రావు గారి సంగతి కూడా మంచుఊరు గారన్నట్టే ఉంది. అది తీరడానికి నెల పడుతుంది.

ఇక పంచుకోవడం. మా కమిటీ ప్రెసిడెంటు గారికి చెబితే "మనం కష్టపడి రాసుకున్న వివరాలు ఊరికే ఎందుకివ్వాలి, ఎవరైనా అమ్ముకుంటే?" అన్నారు. ఆయన మంచివారే, అడిగినదాంట్లో తప్పూ లేదు. ఏం చెప్పను?

---

మంచుఊరు | శనివారం, ఉదయం 6.10

ఆ ప్రశ్న ఇక్కడ కోర్టు దాకా వెళ్లింది అని చెప్పండి. 2022లో క్లారివేట్ అనే కంపెనీ మెటాడోర్ అని ఒకటి మొదలుపెట్టింది, లైబ్రరీలు తమ రికార్డులు ఒకరికొకరు ఉచితంగా ఇచ్చుకునేలా. వరల్డ్‌క్యాట్ అనే ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి కేటలాగు నడిపే ఓసీఎల్‌సీ దావా వేసింది. అదే ఏడాది నవంబరులో రాజీ కుదిరి మెటాడోర్ ఆగిపోయింది. ఎన్నో లైబ్రరీల వాళ్లు దశాబ్దాలుగా రాసిన రికార్డుల మీద హక్కు ఎవరిది అని అందరూ అడిగారు, తీర్పు రాకుండానే కథ ముగిసింది.

అటువైపు హార్వర్డ్ 2012లో కోటీ ఇరవై లక్షల రికార్డులు సీసీ జీరో కింద వదిలేసింది. దానివల్ల హార్వర్డ్‌కి పోయిందేమీ లేదు.

మీ ప్రెసిడెంటు గారికి నేనైతే ఇలా అంటాను: మీరు ఇచ్చేది పుస్తకం కాదు సార్, పుస్తకం ఇక్కడుందన్న కబురు.

---

రెండోబీరువా | శనివారం, ఉదయం 8.30

ఇంకోటి కూడా చెప్పమ్మా. 1914లో బెజవాడలో గ్రంథాలయాల సభ పెట్టి, అయ్యంకి వెంకటరమణయ్య గారు లైబ్రరీలన్నిటినీ ఒక తాటి మీదకి తెచ్చిన నేల మీది. మీ కాలవల మీద పడవల్లో పుస్తకాలు తిరిగాయి. పడవ ఎక్కించి పంపినవాళ్ల మనవలు జాబితా పంపడానికి జంకితే ఎలా?

---

పెర్ల్‌పురుగు | శనివారం, ఉదయం 11.15

పంచుకునే పద్ధతికి వస్తాను.

నలుగురూ ఒకే సాఫ్ట్‌వేర్‌కి మారాల్సిన పని లేదు. ఎవరిది వాళ్లు వాడుకోండి. మీ కోహాలో ఓఏఐ-పీఎంహెచ్ (రికార్డులు పంచుకునే పద్ధతి) అని ఒక ప్రిఫరెన్స్ ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. 2002 నుంచి ఇదే రెండో వెర్షన్ నడుస్తోంది, మొత్తం ఆరే ఆరు ప్రశ్నలు. 'నువ్వెవరు', 'రికార్డులు ఇవ్వు', ఇలాంటివి. కేంద్రంలో ఉన్న యంత్రం రోజూ రాత్రి వచ్చి 'నిన్నటి తర్వాత ఏం మారింది' అని అడుగుతుంది. మీది ఒక గుప్పెడు రికార్డులిచ్చి, చివర ఒక టోకెన్ ఇస్తుంది, ఆ టోకెన్ చూపిస్తే తర్వాతి గుప్పెడు. రేషన్ షాపు క్యూ అనుకోండి. పుస్తకం తీసేస్తే తీసేశామని కూడా చెబుతుంది.

కేంద్రంలో వూఫైండ్ అనే వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టండి. అదీ ఓపెన్ సోర్సే, విలనోవా యూనివర్సిటీలో పుట్టింది. సోల్ వాళ్లనీ ఈ-గ్రంథాలయ వాళ్లనీ నెలకొకసారి మార్క్ ఫైలు తీసి ఇమ్మనండి, రెండిట్లోనూ ఎగుమతి ఉంది. ఎక్సెల్ వాళ్లకి మార్క్‌ఎడిట్‌తో మారిస్తే సరిపోతుంది. అది ఉచితమే గానీ ఓపెన్ సోర్స్ కాదు, ఆ తేడా త్రిపుల్ గుర్తుచేసేలోగా నేనే చెప్పేస్తున్నా.

ఓఏఐ అడిగేటప్పుడు డబ్లిన్ కోర్ అనే చిన్న ఫార్మాట్ అడక్కండి, మార్క్‌ఎక్స్‌ఎంఎల్ అడగండి. డబ్లిన్ కోర్‌లో ఉన్నవి పదిహేను గదులే. (ఆ డబ్లిన్ ఐర్లండ్‌ది కాదు, ఒహాయోలో ఉన్న ఊరు.) ఐఎస్‌బీఎన్ లేని పుస్తకాలు కలిపేటప్పుడు పేరు, రచయిత, సంవత్సరంతో పాటు పేజీల సంఖ్య చాలా అవసరం, 300వ ఫీల్డు. డబ్లిన్ కోర్‌లో దానికి విడిగా గది లేదు.

ఇంకొక్క జాగ్రత్త, ఇది ముఖ్యం. కోహాలో ప్రతి కాపీ వివరం 952లో ఉంటుంది. అందులో బయటికి కనబడని నోట్ అని ఒక చోటుంది. చాలాచోట్ల పుస్తకం దానమిచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు, 'ఈయన తిరిగివ్వడు, ఇవ్వొద్దు' లాంటివి అక్కడ రాసి పెడతారు. ఓఏఐలో కాపీల వివరాలు కూడా కలిపి పంపేలా పెట్టుకుంటే, ముందు అవి శుభ్రం చేసుకోండి.

---

కాలవగట్టు | శనివారం, ఉదయం 11.40

అమ్మో. మా దాంట్లో "ఈయన తిరిగివ్వడు" ఉంది. అదీ ఎవరి పేరనుకున్నారు, కమిటీలోనే.

---

త్రిపుల్ | శనివారం, మధ్యాహ్నం 12.05

మార్క్‌ని తిట్టినందుకు ప్రాయశ్చిత్తంగా ఒక పని ఒప్పుకుంటున్నా. కాలవగట్టు గారి రచయితల జాబితా నాకు పంపితే, వికీడేటాతో పోల్చి ఎవరికి నంబరుందో, ఎవరికి లేదో తీసిస్తాను. లేనివాళ్లకి మనమే పెట్టొచ్చు, మీ దగ్గరున్న పుస్తకాలే ఆధారం. జిల్లా దాటి ఎవరికీ తెలియని రచయితలు మీ బీరువాల్లో ఉంటారు కదా.

---

కాలవగట్టు | రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8.20

ఆలస్యానికి క్షమించండి. మా కోహా, ఎక్సెల్ గ్రంథాలయం, ఈ రెండూ కలిపి వూఫైండ్‌లో పరీక్షగా పెట్టాం. సోల్ వాళ్లు ఫైలు ఇస్తామన్నారు, ఈ-గ్రంథాలయ వాళ్లు పైనుంచి అనుమతి రావాలన్నారు. ప్రెసిడెంటు గారు సంతకం పెట్టారు. పడవల మాట పనిచేసింది, మాస్టారికి దండాలు. త్రిపుల్‌కి జాబితా పంపాను. మా వైపు కవులు పదిహేడుమందికి నంబరు లేదట.

రెండు చోట్లా ఉన్న పుస్తకాలు యంత్రం కలిపేటప్పుడు ఒక జాబితా ఇచ్చింది: పేరూ రచయితా ఏడాదీ ఒకటే గానీ పేజీలు వేరు. నలభై పైన ఉన్నాయి. ఎక్కువ టైపింగ్ తప్పులే. కానీ ఒకదాంట్లో మాది 184 పేజీలు, వాళ్లది 200. వెళ్లి బీరువాలోంచి తీసి చూస్తే మాదాంట్లో నిజంగానే 184తోనే ఆగిపోయింది, వాక్యం మధ్యలో. నలభై ఏళ్లుగా అందరూ అలాగే చదివి తిరిగిచ్చారు, ఒక్కరూ చెప్పలేదు.

---

చింతచెట్టు | ఆదివారం, రాత్రి 8.34

పదహారు పేజీలంటే సరిగ్గా ఒక ఫారం (ఒకే కాగితం మడిచి కుట్టే పేజీల కట్ట). చివరి ఫారం కుట్టు ఊడి పోయుంటుంది, లేదా బైండింగ్‌లోనే వెయ్యలేదు. చివర పేజీ నంబరు కాదు, అట్ట లోపల వెన్ను చూడండి, దారం తెగిన గుర్తుంటే మొదటిది.

---

కాలవగట్టు | సోమవారం, సాయంత్రం 5.10

దారం తెగి ఉంది. రేపు పొద్దున బస్సుకి ఆ ఊరు వెళ్తున్నాను, ఆ పదహారు పేజీలు జెరాక్స్ తీయించుకురావడానికి. వాళ్ల కాపీకి మొదటి అట్ట లేదట, మాది స్కాన్ తీసి పట్టుకెళ్తున్నాను.